బడికి వెళ్లని ఆడపిల్ల: ముప్ఫై ఏళ్ల తరవాతి లెక్క

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మొన్న ఒకనాటి మధ్యాహ్నం భోజనాలయ్యాక పేపరు పైకి చదువుతున్నాను. మా అత్తగారు చదువుకోలేదు. అందుచేత మా ఇంట్లో పేపరు పైకి చదవడం నాకు అలవాటు. ఆనాటి పేపర్లో, రాబోయే ముప్ఫై ఏళ్లలో మన దేశంలో చదువులేని యువతుల సంఖ్య ఎలా తగ్గుతూ పోతుందో ఎవరో పండితులు అంచనా వేశారని రాశారు. ఆవిడ వత్తులు చేసుకుంటూ అంతా విని, "రేపు వాన పడుతుందో లేదో సరిగ్గా చెప్పలేరు గాని, ముప్ఫై ఏళ్ల తరవాత ఎంతమంది ఆడవాళ్లకి చదువుండదో చెబుతారుటే? అదేమన్నా జాతకమా?" అన్నారు.

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. కాని ఆలోచిస్తే అడగవలసిన ప్రశ్నే అడిగారనిపించింది. నాలుగు పుస్తకాలు చూసి, తెలిసినవాళ్లని అడిగి, నాకు అర్థమైన మేరకు మీ ముందు వుంచుతున్నాను. నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. లెక్కల పండితురాలిని కాను. కనుక మన ఇళ్లలో మాట్లాడుకునే భాషలోనే చెబుతాను.

మీలో చాలామంది దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెడతారు కదా. కొలువులో మూడో, అయిదో, తొమ్మిదో మెట్లు వుంటాయి. మన దేశంలోని ఆడవాళ్లందరినీ అలాంటి ఒక పెద్ద కొలువులో నిలబెట్టామనుకోండి. అడుగు మెట్టు మీద అయిదేళ్ల లోపు పసిపిల్లలు. రెండో మెట్టు మీద అయిదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లు. మూడో మెట్టు మీద పది నుంచి పధ్నాలుగేళ్ల వాళ్లు. నాలుగో మెట్టు మీద పదిహేను నుంచి పందొమ్మిది. అయిదో మెట్టు మీద ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల యువతులు. ఇలా అయిదేళ్లకొక మెట్టు చొప్పున ఎక్కుతూ పోతే, పదిహేనో మెట్టు మీద డెబ్భై దాటిన మా అత్తగారి ఈడు వాళ్లుంటారు. ఇందులో బడికి వెళ్లిన బొమ్మ చేతిలో పలక పెట్టండి. వెళ్లని బొమ్మ చేతులు ఖాళీగా వుంచండి.

ఇప్పుడు అయిదేళ్లు గడిచాయనుకుందాం. బొమ్మలన్నీ ఒక్కొక్క మెట్టు పైకి జరుగుతాయి. అడుగు మెట్టు మీదికి కొత్తగా పుట్టిన పిల్లలు వస్తారు. ప్రతి మెట్టు మీదా కొందరు కాలం చేస్తారు, పై మెట్లలో ఆ సంఖ్య ఎక్కువ. కొందరు దేశం విడిచి వెళతారు, కొందరు వస్తారు. మరి పలకల సంగతి? రెండో మెట్టు మీదా మూడో మెట్టు మీదా వున్నప్పుడు పలక చేతికి వస్తే వచ్చినట్టు. పాతికేళ్లు దాటాక కొత్తగా బడిలో చేరేవాళ్లు ఎందరుంటారు చెప్పండి? కనుక అయిదో మెట్టు దాకా ఖాళీ చేతులతో వచ్చిన బొమ్మ, ఆ పై మెట్లన్నీ ఖాళీ చేతులతోనే ఎక్కుతుంది. అంచనాలు వేసేవారి లెక్కకంతకీ ఆధారం ఇదే. జాతకం ఏమీ లేదు. ఇప్పుడున్న మనుషులకే వయసు కలుపుకుంటూ పోవడం, అంతే.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. ఈ అంకెలు నేను లెక్క కోసం ఊహించుకున్నవి. ఒక ఊళ్లో 2025లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లు వంద మంది వున్నారు. వాళ్లలో పన్నెండు మంది బడికి వెళ్లలేదు. ముప్ఫై ఏళ్లకి వాళ్లు ఆరు మెట్లు ఎక్కుతారు. 2055లో పదకొండో మెట్టు మీద, అంటే యాభై దాటి వుంటారు. ఆ వంద మందిలో అయిదుగురు పోయారనుకోండి. మిగిలిన తొంభై అయిదు మందిలో బడికి వెళ్లనివాళ్లు పదకొండు మందో పది మందో వుంటారు. 2055లో ఆ ఊరి యాభై ఏళ్ల ఆడవాళ్లలో ఎంతమందికి చదువు లేదని అడిగితే జవాబు ఈనాడే చెప్పవచ్చు. వాన సంగతి రేపటి గాలిని బట్టి వుంటుంది. ఈ లెక్క నిన్న మొన్నటి బడిని బట్టి వుంటుంది.

ఇలా వయసుతో పాటు చదువును కూడా కలిపి జనాభా అంచనాలు వేసే పని ఆస్ట్రియా దేశంలో వియన్నా నగరం దగ్గర లాక్సెన్‌బర్గ్ అనే చోట వున్న ఒక అంతర్జాతీయ పరిశోధన సంస్థలో ఎన్నో ఏళ్లుగా జరుగుతోంది. ఆ సంస్థ 1972లో ఏర్పడింది. ఈ పనికి పేరుపడ్డవారు వోల్ఫ్‌గాంగ్ లుట్జ్ అనే శాస్త్రజ్ఞుడు. ఆయనతో కలిసి పనిచేసిన వారిలో మన పొరుగున వున్న నేపాలుకు చెందిన సమీర్ కె.సి. ఒకరు. అంతకు ముందు జనాభా లెక్కలు వేసేవారు మనుషులను వయసును బట్టి, ఆడా మగా అని మాత్రమే విడదీసేవారు. వీళ్లు బడికి వెళ్లనివారు, ప్రాథమిక విద్య వరకు చదివినవారు, హైస్కూలు చదివినవారు, కాలేజీ దాటినవారు అని కూడా విడదీసి ప్రపంచంలోని దేశాలకు లెక్కలు కట్టారు.

చదువును ఎందుకు కలపాలి అని మీరు అడగవచ్చు. అడుగు మెట్టు మీదికి ఎంతమంది కొత్త పిల్లలు వస్తారన్నది తల్లుల చదువును బట్టి మారుతుంది కనుక. 2019 నుంచి 2021 దాకా మన దేశంలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, బడికి వెళ్లని స్త్రీకి సగటున 2.8 మంది పిల్లలు. పన్నెండు తరగతులు, అంతకు పైన చదివిన స్త్రీకి 1.8. ఇందులో చదువులేని ఆమె తెలివితక్కువతనం ఏమీ లేదు. బడి మానేసిన పిల్లకి పెళ్లి తొందరగా అవుతుంది. తన ఒంటి గురించి, తన సంసారం గురించి మాట చెల్లించుకునే వయసు రాకముందే తల్లి అవుతుంది. బడిలో వున్న పిల్లకి ఆ నాలుగేళ్లు ఆ బడే కాపలా కాస్తుంది.

సరే, ముప్ఫై ఏళ్ల లెక్కలో ఎంత ఖాయం, ఎంత ఊహ? 2035లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల యువతులుగా వుండేవాళ్లు 2011కీ 2015కీ మధ్య పుట్టినవాళ్లు. వాళ్లు ఇప్పటికే బడిలో వున్నారు, లేదా లేరు. ఆ అంచనా దాదాపు లెక్కే. 2045లో ఆ మెట్టు మీద వుండేవాళ్లు 2021 తరవాత పుట్టిన పసివాళ్లు. వాళ్లని బడికి పంపుతామా లేదా అన్నది మన చేతుల్లో వుంది. 2055లో ఆ మెట్టు మీద వుండేవాళ్లు 2031 తరవాత గాని పుట్టరు. వాళ్ల సంగతి పూర్తిగా ఊహే. అందుకే తెలిసిన శాస్త్రజ్ఞులు ఒకే అంకె చెప్పి ఊరుకోరు. రెండు మూడు దారులు చూపిస్తారు. బడుల సంఖ్య, పిల్లల సంఖ్య ఇప్పుడున్నచోటే ఆగిపోతే ఒక దారి. ఇప్పటిదాకా పెరిగిన తీరులోనే పెరుగుతూ పోతే ఒక దారి. దక్షిణ కొరియా వాళ్లలా గబగబా పరుగెత్తితే మూడో దారి. ఆ దేశంలో అమ్మమ్మల కాలంలో చాలామంది ఆడవాళ్లు బడి గడప తొక్కలేదు. మనవరాళ్లలో ఎక్కువమంది కాలేజీలు దాటారు. రెండు తరాలలో జరిగిన మార్పు అది. ఏ దారిన నడుస్తామన్నది లెక్క వేసేవారు చెప్పేది కాదు, నడిచేవాళ్లు చేసేది.

మన దేశం ఏ దారిన నడిచిందో వెనక్కి తిరిగి చూద్దాం. 1951 జనాభా లెక్కల నాటికి మన ఆడవాళ్లలో అక్షరాలు వచ్చినవాళ్లు నూటికి తొమ్మిది మంది. 1961లో పదిహేను మంది. 1971లో ఇరవై రెండు. 1981లో ముప్ఫై. 1991లో ముప్ఫై తొమ్మిది. 2001లో యాభై నాలుగు. 2011లో దాదాపు అరవై అయిదు. 2021లో జరగవలసిన లెక్కలు కరోనా వల్ల వాయిదా పడ్డాయి. అరవై ఏళ్లలో తొమ్మిది నుంచి అరవై అయిదు! సంతోషించవలసిందే. కాని మరీ ఇంత మెల్లగానా అని కూడా అనిపిస్తుంది కదూ?

దానికి కారణం మన కొలువులోనే వుంది. ఈ అంకె మెట్లన్నిటినీ కలిపి తీసిన అంకె. 2011లో పదిహేను నుంచి ఇరవై నాలుగేళ్ల అమ్మాయిలను మాత్రమే చూస్తే నూటికి ఎనభై మందికి పైగా అక్షరాలు వచ్చినవాళ్లే. పై మెట్ల మీద వున్నవాళ్లు మొత్తం అంకెను కిందికి లాగుతున్నారు. వాళ్లు తప్పు చేసి కాదు. ఎప్పుడో వాళ్లు రెండో మెట్టు మీద వున్నప్పుడు పలక ఇవ్వని తప్పు మనది.

మా అత్తగారినే చూడండి. 1961 లెక్కల నాటికి ఆవిడకి ఎనిమిదేళ్లు. ఊళ్లో బడి వుంది. అన్నదమ్ములు వెళ్లారు. ఆవిడ మాత్రం చంటి తమ్ముణ్ణి ఎత్తుకుని ఆ బడి అరుగు మీద కూర్చునేవారట. ఆ ఏటి లెక్కల్లో అక్షరాలు రాని ఎనభై అయిదు మందిలో ఆవిడ ఒకరు. అరవై ఏళ్లు దాటినా ఆవిడ ఇంకా ఆ లెక్కలోనే వున్నారు. పోయిన ఏడాది ఏం జరిగిందో చెబుతాను. ఆవిడకి పొద్దున బి.పి. మాత్ర, రాత్రి షుగరు మాత్ర. మందుల పేర్లు చదవలేరు కనుక ఎర్ర అట్ట పొద్దున, నీలం అట్ట రాత్రి అని గుర్తుపెట్టుకున్నారు. ఒకసారి మందుల షాపులో వేరే కంపెనీ మందు ఇచ్చారు. రంగులు తారుమారయ్యాయి. నేను గమనించేసరికి నాలుగు రోజులు గడిచాయి. ఆవిడ నీరసంగా వుందంటే ఎండ దెబ్బ అనుకున్నాను. దేవుడి దయవల్ల ప్రమాదం తప్పింది. 1961లో తప్పిన బడి ఇన్నేళ్ల తరవాత మందు అట్ట దగ్గర అడ్డొచ్చిందన్న మాట.

ఇప్పుడు అడుగు మెట్ల సంగతి. ఇక్కడ మంచి కబురు వుంది. ప్రథమ్ అనే సంస్థ వాళ్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి చేసే అసర్ సర్వే ప్రకారం, పదకొండు నుంచి పధ్నాలుగేళ్ల ఆడపిల్లల్లో బడిలో లేనివాళ్లు 2006లో నూటికి పది మందికి పైగా వుంటే, 2022 నాటికి ఇద్దరికి తగ్గారు. పదిహేను, పదహారేళ్ల వాళ్లలో 2008లో ఇరవై మందికి పైగా బడి బయట వుంటే, 2022 నాటికి ఎనిమిది మంది. మధ్యాహ్న భోజనం, దగ్గరలో బడి, 2010 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ఇవన్నీ కలిసి చేసిన మేలు ఇది. బీహారులో 2006లో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చారు. బడి దూరమని మానిపించే తల్లిదండ్రులు ఆ సైకిలు చూసి పంపారు. ఆ పథకం వల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లలు దాదాపు మూడో వంతు పెరిగారని తరవాత పరిశీలించినవారు తేల్చారు. నన్ను పదో తరగతి తరవాత మానిపించడానికి కూడా కారణం దూరమే. కాలేజీ పక్క ఊళ్లో వుంది, బస్సు సాయంత్రం ఆరింటికి. ఒక సైకిలు వుంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఒక్కోసారి అనుకుంటాను.

అయితే ఇద్దరే కదా అని తీసిపారేయకండి. మన దేశంలో ఆ వయసు ఆడపిల్లలు కోట్లలో వున్నారు. ఒక్కొక్క కోటికి నూటికి ఇద్దరంటే రెండు లక్షల మంది. 2022లో పన్నెండేళ్ల వయసుకి బడి బయట వున్న పిల్ల 2070లో అరవై ఏళ్ల ముసలమ్మగా ఖాళీ చేతులతో వుంటుంది. ఆ పిల్ల ఎక్కడ వుంటుంది? ఎక్కడో కొండల్లో, అడవుల్లో అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగానే వుంది. అయినా చెబుతాను. మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ కూతురికి అప్పుడు పన్నెండేళ్లు. తల్లికి నడుం నొప్పి వచ్చి, నాలుగు రోజులు పిల్లని తోడు తెచ్చుకుంది. నాలుగు రోజులు నెలయ్యాయి. పిల్ల చురుకైనది. గిన్నెలు తళతళలాడేలా తోమేది. నేను పండక్కి గౌను కొనిచ్చాను, మిగిలిన టిఫిను పెట్టేదాన్ని, ఎంత మంచిదాన్నో అనుకున్నాను. బడి సంగతి అడగాలని నాకు తట్టనే లేదు. అడిగింది మా అత్తగారు. "ఏమే, ఆ పిల్ల పొద్దున్నే ఇక్కడుంటే బడికి ఎప్పుడు వెళుతుందే?" అన్నారు. బడి అరుగు మీద కూర్చున్న మనిషికి కనబడింది, పదో తరగతి చదివిన నాకు కనబడలేదు.

తరవాత తెలుసుకుంటే, పధ్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఇళ్లలో పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచి చట్టప్రకారం నేరమట. తల్లితో వచ్చింది, నేను జీతం ఇవ్వలేదు కదా అని సర్దుకోబోయాను. మనసు ఒప్పుకోలేదు. పిల్లని తీసుకుని బడికి వెళితే, ఏడాది మధ్యలో వచ్చారు, కాగితాలు లేవు, వచ్చే జూన్‌లో రమ్మన్నారు. నేను తల వూపి వచ్చేశాను. ఇంటికొచ్చాక మా అబ్బాయి చట్టం చదివి వినిపించాడు. ఆరు నుంచి పధ్నాలుగేళ్ల పిల్ల ఎప్పుడు వచ్చినా చేర్చుకోవాలి. పుట్టినతేదీ కాగితం లేదని కాదనకూడదు. ఇదివరకటి బడి నుంచి టి.సి. రావడం ఆలస్యమైనా ఆపకూడదు. మధ్యలో మానేసిన పిల్లని వయసుకి తగిన తరగతిలోనే కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలి. మర్నాడు మళ్లీ వెళ్లి ఇవే మాటలు నెమ్మదిగా చెప్పాను. చేర్చుకున్నారు. ఇప్పుడు ఎనిమిదో తరగతి. లెక్కల్లో వెనకబడింది, అప్పుడప్పుడు మానేస్తానంటుంది కూడాను. తల్లి నడుం నొప్పి అలాగే వుంది. అంట్లు నేనూ సాయం తోముతున్నాను. కథ సుఖాంతమైందని చెప్పను, ఇంకా నడుస్తోంది.

అంచనాల విషయంలో ఇంకొక్క మాట. తగ్గుతున్న అంకె దానంతట అదే తగ్గుతూ పోతుందని అనుకోకూడదు. ఇప్పటిలాగే సాగుతుందన్న దారిలో, బడి తలుపు ఎవరూ మూయరన్న నమ్మకం వుంది. ఆఫ్ఘనిస్తాన్‌లో ఏం జరిగిందో మనం చూశాం. ఇరవై ఏళ్లపాటు అక్కడి ఆడపిల్లలు మెల్లగా బడుల్లో నిండుతూ వచ్చారు. 2021 సెప్టెంబరులో హైస్కూళ్లు తెరిచినప్పుడు మగపిల్లల్ని రమ్మన్నారు, ఆరో తరగతి దాటిన ఆడపిల్లల్ని రమ్మనలేదు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులు కూడా మూశారు. ఆనాటి పన్నెండేళ్ల పిల్లలు ఆ దేశపు కొలువులో మెట్లెక్కుతూనే వుంటారు. ఎవరి పలక ఆరో తరగతి దగ్గర లాక్కున్నారో వాళ్లు ఆ పలకతోనే ముసలివాళ్లవుతారు. ముందటి అంచనాలన్నీ చెరిపి మళ్లీ రాసుకోవలసిందే.

ఇక పై మెట్ల సంగతి. పాతికేళ్లు దాటితే పలక చేతికి రాదు అన్నాను. "మొక్కై వంగనిది మానై వంగునా" అని మన పెద్దలూ అన్నారు. లెక్క కట్టేవాళ్లకి అది సరిపోతుంది. మనుషులకి సరిపోదు. మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లే దానికి సాక్ష్యం.

1990ల మొదట్లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి వెళ్లి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట దీపాల దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దారు. వాళ్ల వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం. తాగుడు వల్ల నాశనమైన సంసారం కథ. దాన్ని కూడబలుక్కుని చదువుతూ, ఇది మన కథే కదా అని మాట్లాడుకున్నారు. దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి సారా దుకాణం మూయించారు. వారిలో వర్ధినేని రోశమ్మగారి పేరు తరవాత రాష్ట్రమంతా తెలిసింది. 1992 నాటికి అది పెద్ద ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రంలో సారా నిషేధించింది. అంతా అక్షరాల వల్లే జరిగిందని నేననను. వాళ్ల కడుపుమంట ఎప్పటినుంచో వుంది. కాని నలుగురు ఒకచోట కూర్చోవడానికి, తమ కష్టాన్ని ఒక కాగితం మీద చూసుకోవడానికి ఆ రాత్రి బడి పనికొచ్చింది. వాళ్లందరూ మానులే. వంగలేదు, నిటారుగా నిలబడ్డారు.

అందుచేత, యువతుల్లో చదువులేనివాళ్లు ముప్ఫై ఏళ్లకి దాదాపు వుండరని ఎవరైనా అంటే, అది విని మనం నిశ్చింతగా కూర్చోకూడదు. యువతుల మెట్టు మీద ఖాళీ అయిందంటే, ఆ మనుషులు మాయమైపోయారని అర్థం కాదు. నడివయసు మెట్టు మీదికి, ముసలితనపు మెట్టు మీదికి వెళ్లారని అర్థం. అక్కడ మందు అట్టలుంటాయి, బ్యాంకు కాగితాలుంటాయి, పింఛను దరఖాస్తులుంటాయి. ఈ రోజుల్లో అన్నీ సెల్‌ఫోన్లోనే చూసుకోమంటారు. చదువు రానివాళ్లు తక్కువమంది అవుతున్నకొద్దీ లోకం వాళ్లని మరిచిపోతుంది. అందరికీ చదువొచ్చు కదా అనుకుని బోర్డులూ కాగితాలూ తయారుచేస్తుంది. ఎక్కువమంది వున్నప్పటికంటే తక్కువమంది వున్నప్పుడే వాళ్లకి కష్టం ఎక్కువ.

మరి ఇంట్లో వుండే మనం ఏం చెయ్యగలం? పెద్ద పెద్ద పనులేమీ చెప్పను. మన ఇంటి చుట్టుపక్కల, అపార్టుమెంటు వాచ్‌మన్ పిల్లలు, ఇస్త్రీ చేసేవాళ్ల పిల్లలు, కట్టడం పనికి వచ్చినవాళ్ల పిల్లలు వుంటారు. బడి వేళకి ఏ ఆడపిల్లయినా ఇంటి దగ్గర కనబడితే, ఎందుకని ఒక్క మాట అడగండి. తల్లిదండ్రులు వలస వెళ్లి, చూసే దిక్కులేక చదువు మానేసిన ఆడపిల్లలకి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలున్నాయి. అక్కడే వుండి చదువుకోవచ్చు. పదో తరగతి తప్పి, లేదా మానేసి ఇంట్లో వున్న అమ్మాయి వుంటే ఓపెన్ స్కూలు ద్వారా పరీక్షకి కూర్చోవచ్చని చెప్పండి. పదిహేనేళ్లు దాటి అక్షరాలు రాని పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం 2022 నుంచి అయిదేళ్లకు ఉల్లాస్ అనే కార్యక్రమం పెట్టింది. అందులో చెప్పేవాళ్లూ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. మధ్యాహ్నం పూట సీరియల్ చూసే అరగంట చాలు.

ఒక అనుభవం చెప్పి ముగిస్తాను. మా పనావిడకి అక్షరాలు నేర్పుతానని అ, ఆ లతో మొదలుపెట్టాను. నాలుగు రోజులు వచ్చి మానేసింది. నాకు కోపమొచ్చింది. వీళ్లు బాగుపడరు అనుకున్నాను. తరవాత అడిగితే, "అమ్మగారూ, నాకు అరటిపండు బొమ్మలెందుకండీ? మా డ్వాక్రా పుస్తకంలో నేను కట్టిన డబ్బు ఎంత రాశారో చూసుకోవడం నేర్పండి" అంది. తప్పు నాదే. ఆ పుస్తకమే వాచకమైంది. ముందు అంకెలు, తరవాత తన పేరు, తరవాత నెలల పేర్లు. ఇంకా కూడబలుక్కుంటూనే వుంది. పేపరు చదవలేదు. కాని పోయిన నెల తన పుస్తకంలో ఒక కంతు రాయలేదని తనే చూసుకుని, వెళ్లి రాయించుకొచ్చింది. కూతురు పక్కన కూర్చుని తల్లి చేత దిద్దిస్తుంటే, మా అత్తగారు కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నారు. మందు అట్ట మీద మొదటి అక్షరం ఏదో చెప్పమని ఆ పిల్లని అడుగుతున్నారు. డెబ్భై దాటిన వయసులో!

ఏ శాస్త్రజ్ఞుడి అంచనాలోనూ ఈ సంగతి వుండదు. వుండకపోయినా ఫరవాలేదు. మన ఇంటి లెక్క మనం సరిచేసుకుందాం. ఈ వారం మీ గుమ్మంలోకి వచ్చే ఆడపిల్లని, వాళ్లమ్మని, చదువు సంగతి ఒక్కసారి అడిగి చూడండి.